అమ్మమ్మ మోకరించని చోటు

పోయిన నెల మొదటి ఆదివారం మా చిన్నమ్మాయి విజయవాడలో వాళ్ళు వెళ్ళే కొత్త చర్చికి నన్నూ తీసుకెళ్ళింది. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు. పాటల మాటలన్నీ తెరమీద ఇంతింత అక్షరాల్లో కనిపిస్తుంటే నా పాటల పుస్తకం పనిలేక ఒళ్ళో కూర్చుంది. అక్కడ ప్రభు భోజన సంస్కారం తీసుకోవడానికి కూడా ఎవరూ లేచి ముందుకు వెళ్ళక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ద్రాక్షరసం, పక్కన గోరంత రొట్టె ముక్కలు పెట్టిన పళ్ళెం వరసల వెంట చేతులు మారుతూ అదే మన దగ్గరికి వస్తుంది. నా పక్కన పాతికేళ్ళ అమ్మాయి ఒకతె కూర్చుంది. పళ్ళెం తన చేతికి రాగానే కాసేపు దానివంక చూసి, ఏమీ తీసుకోకుండా నాకందించింది. ఎందుకని నేనడగలేదు. అది అడగాల్సిన ప్రశ్న కాదని నాకు పంతొమ్మిదో ఏటే తెలిసింది. నా వంతు నేను తీసుకుని కళ్ళు మూసుకున్నాను గానీ, ప్రార్థన మీద మనసు నిలవలేదు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నా, సాయంత్రం దాకా నా కళ్ళముందు మా అమ్మమ్మే.

మా తాతయ్య కంకిపాడుకీ పామర్రుకీ మధ్య, బందరు కాలవ పక్కనున్న ఒక ఊళ్ళో పాస్టరు. మా నాన్నగారిది రైల్వే ఉద్యోగం కావడంతో మేం విజయవాడలో క్వార్టర్సులో ఉండేవాళ్ళం. సెలవులిస్తే చాలు, అమ్మ మమ్మల్ని బందరు బస్సెక్కించేది. దారంతా ఒకపక్క కాలవ, ఒకపక్క వరిచేలు. బస్సు దిగేసరికి తాతయ్య గొడుగేసుకుని నిలబడి ఉండేవాడు. ఎండైనా వానైనా, ఏమీ లేకపోయినా ఆయనకి గొడుగు ఉండాల్సిందే. ఆయన ప్రసంగాలు చాలా పెద్దవి. మధ్యలో కోడిపెట్టలు గుళ్ళోకొచ్చి బల్లల కింద తిరిగి, గింజలేం దొరక్క వెళ్ళిపోయాక కూడా ఆయన రెండో అంశంలోనే ఉండేవాడు. గుడ్ ఫ్రైడే రోజు మాత్రం ఆయన్ని వినడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ గురించి ఏటా అదే ప్రసంగం. బతుకంతా దొంగతనాలు చేసినవాడికి చివరి గడియలో ఒక్క మాట అడిగినందుకు పరలోకం తలుపు ఎలా తెరుచుకుందో చెప్తూ తాతయ్య బైబిలు మూసి పక్కన పెట్టేసేవాడు. "నాన్నకి పన్నెండుమంది శిష్యుల కంటే ఆ ఒక్క దొంగంటేనే ఇష్టం" అని మా మామయ్య నవ్వేవాడు.

మామయ్య అంటే అమ్మకి తమ్ముడు, తాతయ్యకి ఒక్కగానొక్క కొడుకు. టీచరు ట్రైనింగు అయి పామర్రు దగ్గర బడిలో అప్పుడే ఉద్యోగం వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. రోజుకి పది టీలు తాగేవాడు, అదొక్కటే ఆయనకున్న దురలవాటు. ఆయనకో స్నేహితుడు ఉండేవాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మేనమామ ఇంట్లో పెరిగి, ఊళ్ళో ఒక పెద్ద రైతు దగ్గర ట్రాక్టరు డ్రైవరుగా కుదిరాడు. పేరుకి మేనమామ ఇల్లే గానీ కంచం మా అమ్మమ్మ వంటింట్లోనే. అమ్మమ్మ అతన్ని పెద్దోడు, మామయ్యని చిన్నోడు అని పిలిచేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెకి ఇద్దరు కొడుకులనుకునేవారు. ఆమె కాదని చెప్పేది కాదు.

డెబ్బైల మొదట్లో, నాకు పదకొండేళ్ళప్పుడు, వరి కోతలూ మాసూళ్ళూ అయిపోయాక ఉయ్యూరు వైపు ఎక్కడో మూడు రోజుల క్రైస్తవ సభలు జరిగాయి. మా ఊరి సంఘం వాళ్ళే వంటలు చేశారు. సభలు అయ్యాక జనమంతా బస్సుల్లో వచ్చేశారు. వంట గుండిగలూ చాపలూ ట్రాక్టరు వెనక ట్రక్కులో వేసుకుని ముగ్గురే బయల్దేరారు. తోలడానికి పెద్దోడు, పక్కన మడ్‌గార్డు మీద మా మామయ్య, ట్రక్కులో చాపల మీద వెనక్కి తిరిగి కునుకు తీస్తూ వంటల మామ్మ. సంఘంలో ఏ విందు జరిగినా వండేది ఆవిడే. మధ్యాహ్నం మూడింటికి, ఊరు ఇంకో మైలుందనగా, ట్రాక్టరు గట్టు దిగి కాలవలో పడింది. మామ్మ గట్టుమీదే పడి తుంటి విరిగింది. పెద్దోడు ఈదుకుంటూ బయటికొచ్చాడు. మామయ్య రాలేదు.

మేం విజయవాడ నుంచి వెళ్ళేసరికి ఇంటిముందు బెంచీ మీద మామయ్య ఉన్నాడు. అమ్మ ఏడుపు నాకు గుర్తులేదు. అమ్మమ్మ ఆయన జుట్టులోంచి నాచు పోగులు ఒక్కొక్కటీ ఏరడం గుర్తుంది. దుఃఖం అంతటితో అయిపోయినా ఒక రకంగా ఉండేది. కానీ పోలీసులు అడిగినప్పుడు పెద్దోడు ఒక మాట చెప్పాడు. "చిన్నోడు ఒక్కసారి తోలతానన్నాడండీ. వద్దంటే వినలేదు." తోలడం రాని పాస్టరుగారి అబ్బాయి సరదాకి ట్రాక్టరెక్కి, తను చచ్చి, ముసలామెని కుంటిదాన్ని చేశాడన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. అమ్మమ్మ మాత్రం "నా బిడ్డ ఆ పని చెయ్యడు. ఆడికి సైకిలంటేనే భయ్యం" అంది. తాతయ్య తల దించుకుని, "ప్రతి తల్లీ అదే అంటది" అన్నాడు.

ఆ పై ఆదివారం గుళ్ళో జరిగింది నేను అమ్మమ్మ పక్కనే కూర్చుని చూశాను. ప్రసంగం చెయ్యాల్సిన వేళకి తాతయ్య పీఠం మెట్లు దిగి కిందికొచ్చాడు. వంటల మామ్మ విజయవాడలో ఆసుపత్రిలో ఉంది. ఆమె తరపువాళ్ళు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళకి చేతులు జోడించి, "నా కొడుకు చేసిన తప్పుకి మీ దగ్గరా, సంఘం దగ్గరా క్షమాపణ అడుగుతున్నాను" అన్నాడు. గుళ్ళో ఆడవాళ్ళు ఏడ్చారు. ఎంత గొప్ప మనిషి, సొంత కొడుకైనా వెనకేసుకు రాలేదు అని తర్వాత నెలలపాటు చెప్పుకున్నారు. నాకు మాత్రం అమ్మమ్మ చెయ్యి గుర్తుంది. అప్పటిదాకా నా చేతిని పట్టుకునున్న చెయ్యి వదిలేసి, కొంగుకింద పెట్టుకుంది. పెద్దోడు తలుపు దగ్గర చెప్పులు విడిచే చోట నిలబడి ఉన్నాడు. 

అమ్మమ్మ సంస్కారం తీసుకోవడం మానేసింది ఆ నెల నుంచే. విచిత్రమేమిటంటే, దానికి కావలసినవన్నీ తయారుచేసేది మాత్రం ఆమే. శనివారం పొద్దున్నే ఎండు ద్రాక్ష నానబెట్టి, మరగబెట్టి, తెల్ల గుడ్డలో వడగట్టేది. ఇల్లంతా తియ్యటి వాసన నిండిపోయేది. చెయ్యి పెట్టబోతే గరిటె కాడతో ఒక్కటిచ్చేది. రొట్టె కాల్చేది, గిన్నె చింతపండుతో తోమేది, సంస్కారపు బల్లమీద పరిచే గుడ్డకి గంజిపెట్టి ఇస్త్రీ చేసేది. ఆదివారం అందరూ ముందుకెళ్ళి ఆ బల్ల ముందున్న కమ్మీ దగ్గర వరసగా మోకరిస్తే ఆమె తన చోట అలాగే కూర్చుండిపోయేది. ఆడవాళ్ళ వరసలో కుడివైపు చివర ఎప్పుడూ ఆమె మోకరించే చోటొకటి ఉండేది. పాస్టరమ్మగారి చోటని అక్కడ ఎవరూ మోకరించేవారు కాదు. తాతయ్య రొట్టె పంచుకుంటూ ఆ చివరిదాకా వచ్చి, ఆ ఖాళీ దగ్గర ఒక్క లిప్త ఆగి, వెనక్కి తిరిగేవాడు. బిడ్డ చేసిన పనికి సిగ్గుపడుతోంది, దుఃఖం తీరాక తనే వస్తుందిలే అనుకున్నారు జనం.

వంటల మామ్మ కర్ర సాయంతో నడవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా తాతయ్య రోజూ స్వయంగా ఆమె ఇంటికి జావ పట్టుకెళ్ళాడు. ఆవిడ జావ తాగుతూనే మా మామయ్యని తిట్టేది. "నా కాలిరగ్గొట్టి తను సుఖంగా పడుకున్నాడు" అనేది. తాతయ్య ఖాళీ గిన్నె తీసుకుని వచ్చేసేవాడు. పెద్దోడు మా ఇంటికి రావడం తగ్గించాడు గానీ ఊరు వదిలి పోలేదు. మామ్మని ఆదివారాలు బండిమీద గుడికి తెచ్చేవాడు, నీళ్ళు మోసిపెట్టేవాడు. తాగుడు మాత్రం బాగా ఎక్కువైంది.

అలా ఐదేళ్ళు గడిచాయి. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఊరికెళ్ళాను. అప్పటికి మామ్మ మంచాన పడి ఉంది. ఒకరోజు తాతయ్య ప్రార్థన చెయ్యడానికి వెళ్తే ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "అయ్యగారూ, మీ అబ్బాయిని ఇన్నాళ్ళూ తిట్టుకున్నానండి. ఇంక నా వల్ల కాదు. క్షమించేశాను. పైకెళ్ళాక కనపడితే నేనే చెప్తాను లెండి" అందట. మంచం పక్కన పెద్దోడు నీళ్ళ కుండతో నిలబడి ఉన్నాడు. ఆ వారంలోనే ఆవిడ పోయింది. ఇంకో నాలుగు రోజులకి గుడ్ ఫ్రైడే.

మిట్టమధ్యాహ్నం ఆరాధన. రేకుల కప్పు కింద గుడి ఉడికిపోతోంది. తాటాకు విసనకర్రల చప్పుడు తప్ప ఏమీ లేదు. తాతయ్య తన దొంగ దగ్గరికి వచ్చాడు. ఆ దొంగ తన తప్పు తనే ఒప్పుకున్నాడని చెప్తున్నాడు. వెనకనుంచి పెద్దోడు లేచి నిలబడ్డాడు. తాగలేదు. తలకి నూనె రాసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"అయ్యగారూ, ఆ రోజు ట్రాక్టరు తోలింది నేనేనండి" అన్నాడు. "దారిలో కల్లు తాగాను. చిన్నోడు వద్దురా, ఆగుదాం అంటానే ఉన్నాడు. నీళ్ళలో వాడి చెయ్యి కనపడింది నాకు. గట్టుమీద కూచున్నాను గానీ కాళ్ళు కదల్లేదండి. జైల్లో పెడతారని అబద్ధం చెప్పాను. మామ్మ వాణ్ని క్షమించేశానంది. పైకెళ్ళి వాడితో ఆ మాట చెప్పుద్ది. వాడేమంటాడండీ ఇప్పుడు?"

 తాతయ్య చాలాసేపు రెండు చేతుల్తో పీఠం అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పడిపోతాడేమోనని నేను లేవబోయాను. అమ్మమ్మ నన్ను కూర్చోబెట్టింది. ఆయన మెట్లు దిగి, గుడి పొడుగునా నడిచి, మోకాళ్ళ మీద కూలబడ్డ పెద్దోడి నెత్తిన చెయ్యిపెట్టాడు. ప్రతి ఆదివారం సంఘమంతటికీ చెప్పే పాపక్షమాపణ మాటల్ని ఒక్క మనిషికి చెప్పాడు. చివర్న గొంతు తగ్గించి అన్న మాట దగ్గర్లో ఉన్నవాళ్ళకే వినిపించింది. "దేవుడు నిన్ను క్షమించాడురా. ఆ మాట చెప్పడం నా పని, చెప్పాను. నా సంగతి నేనింకా ఆయనతో మాట్లాడుకోవాలి." ప్రసంగం అక్కడితో ఆగిపోయింది. తాతయ్య మధ్యలో ఆపేసిన ప్రసంగం నేను విన్నది అదొక్కటే.

సాయంత్రం పెద్దోడు మా పెరటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అమ్మమ్మ బియ్యం ఏరుతోంది. "అమ్మా" అన్నాడు. ఆమె చేట పక్కన పెట్టి లోపలికెళ్ళింది. తలుపు మూసేస్తుందనుకున్నాను. మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "పొద్దుట్నించీ ఉపవాసం ఉండుంటావు, తాగు" అంది. వాడు గ్లాసు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "భయపడ్డావురా నువ్వు. భయపడ్డోణ్ణి ఏం చేసుకుంటాను? ముందు పోలీసులకి చెప్పిరా. తర్వాత మీ చిన్నోడి దగ్గరికెళ్ళి చెప్పు" అంది. వాడు రెండూ చేశాడు. పాత కేసు కావడంతో వాణ్ని ఏళ్ళ తరబడి తిప్పారు, చివరికి ఆరునెలలు శిక్ష పడింది. ఆ ఆరునెలలూ అమ్మమ్మ ఊరగాయ పెట్టి పంపేది.

కాబట్టి ఆ ఈస్టరు ఆదివారం అమ్మమ్మ బల్ల దగ్గరికి వస్తుందని ఊరంతా ఎదురుచూసింది. మామయ్య నిర్దోషి అని తేలింది, పెద్దోణ్ణి ఆమె క్షమించింది, ఇంకేం కావాలి? పెద్దోడు వెళ్ళి మోకరించాడు. తాతయ్య వాడి చేతిలో రొట్టె పెట్టాడు. పెడుతూ అమ్మమ్మ వంక చూశాడు. ఆమె లేవలేదు. ఆయన ఆ చివరిదాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగాడు.

మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే అడిగేశాను. "అమ్మమ్మా, పెద్దోణ్ణి క్షమించావుగా, మరెందుకు తీసుకోలేదు?" ఆమె బూడిద చేతుల్తోనే నుదుటి మీద జుట్టు తోసుకుంది. "పెద్దోడి మీద కోపమని నీకెవరు చెప్పారే? వాడు పరాయోడు, ప్రాణభయంతో అబద్ధమాడాడు. ఈయన కన్నతండ్రి. నా బిడ్డ ఎలాంటోడో ఇరవై రెండేళ్ళు చూశాడు. ఎవడో ఒక మాటంటే నమ్మేశాడు. నమ్మి, నలుగురిలో నిలబడి, చెయ్యని తప్పుకి నా బిడ్డ పేరుతో క్షమాపణ అడిగాడు. ఆ చేత్తో రొట్టె పెడితే ఎలా మింగను? మనసులో ఇది పెట్టుకుని తీసుకోకూడదు. దేవుణ్ణి మోసం చెయ్యలేను తల్లీ." ఇదంతా ఆమె ఏడవకుండా, గిన్నె తిప్పి తోముతూ చెప్పింది.

తాతయ్యకీ తెలుసు. ఆ ఈస్టరు తర్వాత ఒకరోజు వసారాలో, "నేను నిన్ను నమ్మాల్సింది. మన చిన్నోణ్ణి నమ్మాల్సింది" అనడం నేను విన్నాను. అమ్మమ్మ "చీకటి పడతంది, కోళ్ళు కమ్మాలి, లేవండి" అని గంప తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ అడగలేదు. వాళ్ళు పోట్లాడుకున్నది లేదు. ఆయనకి వేణ్ణీళ్ళు పెట్టేది, చొక్కా గుండీలు కుట్టేది, ఆయన దగ్గితే మిరియాల కషాయం కాచేది. ఆ మరుసటి ఏడు నుంచి తాతయ్య గుడ్ ఫ్రైడేకి దొంగ ప్రసంగం పక్క ఊరి పాస్టరుగారికి అప్పగించి, తను కింద బల్ల మీద కూర్చుని వినేవాడు. దేవుడి క్షమాపణ గురించి నలభై ఏళ్ళు చెప్పిన మనిషి, చివరి మూడేళ్ళూ ఆ మాట ఎత్తలేకపోయాడు.

నేను విజయవాడలో డిగ్రీ చదువుతుండగా, వరి ఊడ్పుల రోజుల్లో, తాతయ్య పోయాడు. ఎవరికో ఒంట్లో బాగాలేదంటే చూసి సైకిలు నడిపించుకుంటూ వస్తూ, చేల మధ్య దారిలో కూర్చుని అలాగే ఒరిగిపోయాడట. నాట్లేసే ఆడవాళ్ళు చూసి పరుగున వచ్చారు. అప్పటికి కొండపల్లి దగ్గర పవర్ స్టేషన్ పనుల్లో లారీ తోలుతున్న పెద్దోడు కబురందగానే వచ్చి, కొడుకు పట్టాల్సిన వైపు శవపెట్టె పట్టాడు. అమ్మమ్మ ఏడవలేదు. సమాధి పూడ్చేదాకా నిలబడి, ఆయన గొడుగు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ తర్వాత వచ్చిన సంస్కారపు ఆదివారం నేను ఆమె పక్కనే ఉన్నాను. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు పిలవగానే అమ్మమ్మ లేచింది. ఎనిమిదేళ్ళ తర్వాత నడిచి వెళ్ళి, కుడివైపు చివర తన చోట మోకరించి చేతులు చాపింది. ఆయన రొట్టె పెట్టాడు. గుళ్ళో ఎవరో ఏడుస్తున్నారు. ఆమె చాలాసేపు లేవలేదు, నేనే వెళ్ళి లేవదీయాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక, "తాతయ్యని ఇప్పుడు క్షమించావా?" అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"ఇప్పుడేంటే, ఏడాది దాటింది" అంది. "ఒకరోజు పొద్దున్నే మీ తాతయ్య సమాధుల తోటలోకి పోయి, కత్తితో చిన్నోడి రాయి మీద నాచు గీకుతున్నాడు. దారినెవరో పోతుంటే కత్తి పంచెలో దాచుకుని, కోడి కోసం ఎతుకుతున్నట్టు అటూ ఇటూ చూశాడు. అప్పుడు తెలిసిందే నాకు. ఈయనా భయపడ్డోడే. కొడుకుని వెనకేసుకొచ్చాడంటారని ఊరికి భయపడ్డాడు. ఆ పూటే నా కోపం పోయింది."

"మరి ఆయనుండగా ఎందుకు తీసుకోలేదు?"

"ముందు నోటితో చెప్పాలిగా. చెప్పి, ఆదివారం వెళ్దామనుకున్నా. ఇన్నేళ్ళు బిగదీసుకుని ఉండి ఒక్కసారిగా ఏమని చెప్పను? సిగ్గేసింది. ఆయన మళ్ళీ ఒక్కసారి అడిగితే బాగుండు, చెప్పేద్దామని చూశా. ఆయన అడగలా. పండగెళ్ళాక చెప్దాం, ఊడ్పులయ్యాక చెప్దాం అనుకుంటా ఉన్నా." ఆ మాట దగ్గర అమ్మమ్మ ఆగిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని, కొడుకు పోయినప్పుడు కూడా ఏడవని ఏడుపు ఏడ్చింది.

ఆమె తర్వాత ఇంకో పదకొండేళ్ళు బతికింది. తాతయ్య ఇప్పటికి ఆ సంగతి తెలుసుకునే ఉంటాడని, దేవుడే చెప్పి ఉంటాడని మేమంతా అనేవాళ్ళం. ఆమె తల ఊపేది గానీ, నమ్మిందో లేదో నాకు తెలీదు. క్షమించడానికి దేవుడికి రెప్పపాటు కూడా అక్కర్లేదని తాతయ్య చెప్పేవాడు. అది నిజమే కావచ్చు. మనుషులకి మాత్రం కోపం పోవడానికి ఏళ్ళు పడుతుంది, పోయిందని చెప్పడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది, ఆ కొన్నాళ్ళూ మన చేతిలోనే ఉన్నాయనుకుంటూ కూర్చుంటాం.